సోమవారం పొద్దున్నే కడుపునొప్పి: ఒక ఇంటర్ అమ్మాయి కేస్ స్టడీ

మేఘనకి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఇది అసలు పేరు కాదు, ఇంటి వివరాలు కూడా గుర్తుపట్టకుండా మార్చాను. రాయడానికి తనూ, తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. వాళ్లుండేది హైదరాబాద్ నిజాంపేటలో. నాన్న జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. తమ్ముడు ఎనిమిదో తరగతి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన నానమ్మ కూడా వీళ్ల దగ్గరే ఉంటుంది.

నేను సైకాలజిస్టుని. కూకట్‌పల్లిలోని నా క్లినిక్‌కి ఈ అమ్మాయిని పంపింది కడుపు డాక్టరు గారు. 2025 దసరా సెలవుల తర్వాత నొప్పి మొదలైంది. అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు, చివరికి ఎండోస్కోపీ, అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. అప్పటికి వారానికి రెండు మూడు రోజులు కాలేజీ పోతోంది. నా దగ్గరికి వచ్చేనాటికి పది రోజులుగా అసలు వెళ్లడం లేదు.

మొదటి రోజు నలుగురూ వచ్చారు, నానమ్మతో సహా. మాట మొదలుపెట్టింది నాన్న.

"మేడమ్, టెస్టులకి మస్తు పెట్టినం. ఏం లేదంటున్నరు. మరి రోజూ పొద్దుగాల బస్సు టైముకే ఎందుకొస్తది నొప్పి? ఎగ్గొట్టనీకే నాటకం."

అమ్మ ఏడుపు మింగుకుంటూ, "వాంతి కూడా చేసుకుంటది మేడమ్, నాటకమైతే వాంతెట్ల వస్తది" అంది. నానమ్మకి దిష్టి అనుమానం. టెన్త్‌లో 560 దాటాయని ఊరంతా చెప్పుకున్నాం, అప్పుడే తగిలిందని ఆమె లెక్క. మేఘన మాత్రం చున్నీ కొస చూపుడు వేలికి చుట్టి విప్పుతూ కూర్చుంది. ఏం అడిగినా "తెలీదు మేడమ్" అనే.

వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదట ఒక విషయం చెబుతాను, ఆ రోజూ చెప్పాను. పద్దెనిమిది నిండని పిల్లల చికిత్సకి పెద్దల అనుమతి కావాలి. అయినా లోపల పిల్ల చెప్పిన ప్రతి మాటా బయటికి రాదు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపించినా, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నా, పిల్లని ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా దాచను. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. మిగతాదంతా తన ఇష్టం. దీనికి నాన్న ముఖం మాడ్చుకున్నారు. "ఫీజు మేం కడతం, మాకే చెప్పరా?" అని నవ్వుతూనే అడిగారు. ఆ ప్రశ్నని నోట్స్‌లో రాసుకున్నాను. ఎందుకో తర్వాత అర్థమైంది.

అందరినీ బయట కూర్చోబెట్టాక కూడా మేఘన చాలాసేపు మాట్లాడలేదు. కాలేజీ గురించి అడగడం మానేసి నొప్పి గురించే అడిగాను. బొడ్డు పైనా కిందా? మెలిపెట్టినట్టా, మంటలా? ముందు చేతులు చల్లబడతాయా? డాక్టర్లు అడిగిన ప్రశ్నలే అయినా, నొప్పి ఉందా లేదా అని తేల్చడానికి నేను అడగడం లేదని తనకి తెలిసినట్టుంది. "మీరు నమ్ముతున్నారా?" అంది. నమ్ముతున్నానన్నాను. రిపోర్టులు నార్మల్ అంటే కడుపులో జబ్బు లేదని అర్థం, నొప్పి లేదని కాదు. ఈ తేడా తెలియక ఎంతమంది పిల్లలు అబద్ధాలకోరులనిపించుకుంటున్నారో చెప్పలేను.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. పిల్లల్లో ఆందోళన చూడడానికి స్కేర్డ్ అనే 41 ప్రశ్నల పత్రం వాడతాం. మొత్తం 25 దాటితే లోతుగా చూడాలి. మేఘనకి 43 వచ్చింది. అందులో స్కూలు భయానికి సంబంధించిన నాలుగు ప్రశ్నల్లో ఎనిమిదికి ఏడు. డిప్రెషన్ పత్రంలో 12, అంటే మధ్యస్థం. నిద్ర ఐదు గంటలు మించడం లేదు. ఈ వయసు వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి.

చనిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు భయపడతారు గానీ, అది నిజం కాదు. అడిగితేనే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. "చావాలని కాదు మేడమ్. పడుకుని లేవకపోతే బాగుండు అనిపిస్తది ఒక్కోసారి" అంది. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచనలు లేవు. అయినా తేలిగ్గా తీసుకోలేదు. ఈ ఒక్క విషయం అమ్మానాన్నలకి చెప్పాలి అని తనకి వివరించి, ఏ మాటల్లో చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుని చెప్పాం. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తాళం వేసిన అలమారాలోకి వెళ్లాయి. రాత్రి భారంగా అనిపిస్తే ఎవరిని లేపాలో తనే రాసుకుంది. మొదటి పేరు నాన్నది కాదు, అమ్మది కూడా కాదు. నానమ్మది. మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీమానస్ నంబరు 14416 అందరి ఫోన్లలో పెట్టించాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ లైనులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

సైకియాట్రిస్టుకి కూడా చూపించాం. సైకాలజిస్టులం మందులు రాయం, రాయకూడదు. ఆవిడ చూసి, ఇప్పటికి మందు వద్దు, థెరపీతో ఆరు వారాల్లో తగ్గకపోతే మళ్లీ ఆలోచిద్దామన్నారు. "పిచ్చి డాక్టరా?" అని నాన్న ఒకసారి అన్నారు. ఎర్రగడ్డ పేరు వింటేనే మన ఊళ్లో వచ్చే భయం అది. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఓపీకి చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా వస్తారని, ప్రైవేటు ఫీజులు మోయలేని వాళ్లకి అదే దిక్కని చెప్పాను. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మహానగరాల్లో అది 13.5 శాతం. నలభై మంది ఉన్న క్లాసులో ఐదుగురు. ఈ లెక్క చెప్పినప్పుడు నాన్న మొదటిసారి ముందుకి వంగి విన్నారు.

నొప్పి డైరీ

మొదటి పని ఒక పుస్తకంలో నాలుగు గళ్లు గీయడం. టైము, నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత, ఎక్కడున్నాను, తర్వాత ఏం జరగాలి. నాలుగో గడి ముఖ్యం. ఏం జరిగింది అని కాకుండా ఏం జరగబోతోంది అని రాయించాను. ఆందోళన ఎప్పుడూ ముందుకే చూస్తుంది కాబట్టి.

మరుసటి వారం పుస్తకం తెచ్చి తనే తిరగేసి చూపించింది. ఆదివారం రాత్రి నుంచి పెరుగుతూ సోమవారం పొద్దున ఆరింటికి ఎనిమిది. బస్సు ఆరూ నలభైకి. ఏడున్నరకి మూడు. తొమ్మిదింటికి సున్నా. ఆదివారం వీకెండ్ టెస్టు, సోమవారం ర్యాంకులు. పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"బస్సు పోయాక తగ్గుతుంది. అంటే డాడీ అన్నట్టు నాటకమేనా మేడమ్?"

ఈ కేసులో అన్నిటికన్నా జాగ్రత్తగా జవాబు చెప్పాల్సి వచ్చిన ప్రశ్న ఇదే. భయం వేసినప్పుడు మెదడు శరీరాన్ని పరుగుకి సిద్ధం చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కడుపుకి వెళ్లే రక్తం తగ్గుతుంది, పేగులు బిగుస్తాయి. ఆ నొప్పి నిజమైన కండరాల నొప్పి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లి దూకినా బైక్ అలారం మోగుతుంది కదా, మోత నిజమే, దొంగే లేడు అన్నాను. నవ్వింది. ఇక రెండో సగం. బస్సు వెళ్లిపోగానే వచ్చే ఆ హాయి ఉంది చూడు, నీ శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఉంటే తగ్గుతుంది అని నేర్చుకుంటుంది. రేపు ఇంకాస్త ముందే, ఇంకాస్త గట్టిగా అలారం కొడుతుంది. నువ్వు కావాలని చేసేది కాదు, కానీ ఆ చక్రాన్ని ఆపగలిగేది మాత్రం నువ్వే.

స్కూలుకి, కాలేజీకి వెళ్లలేకపోవడమనేది జబ్బు పేరు కాదు, ఒక ప్రవర్తన. అమెరికన్ సైకాలజిస్టులు క్రిస్టఫర్ కీర్నీ, వెండీ సిల్వర్‌మన్ దీన్ని కారణాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీశారు. అక్కడ కలిగే బాధ నుంచి తప్పించుకోవడం, పదిమందిలో పరీక్షకి నిలబడడం నుంచి తప్పించుకోవడం, ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలనుకోవడం, బయట దొరికే సరదాల కోసం ఎగ్గొట్టడం. నాన్న ఊహ నాలుగోది. డైరీ చెప్పింది రెండోది. నానమ్మ చేసిపెట్టే వేడి వేడి పెసరట్లు, ఒళ్లో పడుకుంటే జుట్టు నిమరడం కూడా కలిశాయి కాబట్టి మూడోది కొంచెం.

అసలు ఏం జరిగింది

మూడు వారాల మాటల్లో కొంచెం కొంచెంగా బయటపడింది. దసరాకి ముందు టెస్టుల్లో మార్కులు తగ్గాయి. అక్కడ సెక్షన్లు మార్కుల్ని బట్టే. సెలవులయ్యాక వచ్చేసరికి పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారు. ముందు రోజు వరకూ పక్కన కూర్చున్న స్నేహితురాళ్లు వాట్సాప్ గ్రూపు కొత్తది పెట్టుకున్నారు, అందులో తను లేదు. సోమవారం ర్యాంకుల లిస్టు చదివేటప్పుడు కింద నుంచి మొదలుపెట్టే లెక్చరర్ ఒకరున్నారు. అదే లిస్టు నాన్న ఫోన్‌కీ వస్తుంది.

ఇంతవరకూ కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఏ కౌన్సెలర్‌ని అడిగినా చెప్పే కథే. దీన్నొక్కదాన్నే పట్టుకుని పనిచేసి ఉంటే కొన్నాళ్లకి తగ్గి మళ్లీ వచ్చేదనుకుంటాను. కింది సెక్షన్‌లో ఉన్న పిల్లలందరికీ కడుపునొప్పి రావడం లేదు కదా. ఈ అమ్మాయికే ఎందుకు?

ఒకరోజు, ర్యాంకు తగ్గితే ఏమవుతుంది అని అడుగుతూ వెళ్లాను. అది జరిగితే ఏమవుతుంది, ఆ తర్వాత ఏమవుతుంది అని దిగుతూ పోయే పద్ధతి ఇది. సార్ తిడతారు. తిడితే? డాడీకి మెసేజ్ వెళ్తుంది. వెళితే? డాడీ ఏమీ అనరు. మరి? చాలాసేపు ఆగి, "చిట్టీ పాడినారు మేడమ్, నా ఫీజు కోసం. నష్టానికి పాడినారు. మమ్మీతో చెప్తుంటే విన్నా" అంది. తన ఫీజు, బస్సు ఫీజు, పుస్తకాల ఖర్చు కలిపి ఒక పాత నోట్‌బుక్ వెనక పేజీలో రాసిపెట్టుకుంది. ప్రతి టెస్టు మార్కుని ఆ లెక్కకి ఎదురుగా పెట్టి చూసుకుంటోంది. ఎండోస్కోపీ ఖర్చు కూడా ఆ పేజీలో ఎక్కింది.

అంటే నొప్పి తగ్గించడానికి పెట్టిన ఖర్చు కూడా నొప్పిని పెంచింది. ఇంట్లో ఎవరూ ఈ పిల్లని కొట్టలేదు, పెద్దగా తిట్టలేదు. "మీ కోసమే కదా ఇదంతా" అన్న మాట మాత్రం రోజూ వినబడేది. ఆ మాట చెప్పేవాళ్లకి ప్రేమలానే ఉంటుంది. వినే పదహారేళ్ల పిల్లకి అది బాకీలా చేరింది.

మెట్లు

భయానికి ఎదురెళ్లే పని మెట్లు మెట్లుగా ఉండాలి, ఆ మెట్లు పిల్లే కట్టుకోవాలి. మేఘన రాసుకున్నవి: యూనిఫాం వేసుకుని బస్సు టైముకి గేటు దగ్గర నిలబడడం. సాయంత్రం నాన్న బండి మీద కాలేజీ దాకా వెళ్లిరావడం. కెమిస్ట్రీ పీరియడ్లు మాత్రం కూర్చోవడం, ఎందుకంటే ఆ మేడమ్ మంచిది. లంచ్ వరకూ. రోజంతా. ఆదివారం టెస్టు. అన్నిటికన్నా పైన, సోమవారం లిస్టు. ఒక నియమం పెట్టుకున్నాం: నొప్పి బాగా పెరిగిన క్షణంలో బయటికి రాకూడదు, కొంచెం దిగాక, అనుకున్న టైముకే రావాలి. లేకపోతే పారిపోవడమే మందు అని శరీరం మళ్లీ నేర్చుకుంటుంది.

ప్రతి మెట్టుకీ ముందు ఏం జరుగుతుందనుకుంటున్నావో రాయాలి, వచ్చాక ఏం జరిగిందో రాయాలి. మొదటిరోజు క్లాసుకి వెళ్లేముందు "అందరూ నన్నే చూస్తారు, ఎందుకు రాలేదని నిలబెట్టి అడుగుతారు" అని రాసింది. వచ్చాక: "ఒక అమ్మాయి ఫీవరా అని అడిగింది. ఇంకెవరూ అడగలేదు. కొంచెం బాధేసింది." ఆ ఆఖరి వాక్యం నాకు నచ్చింది. భయం వెనక ఉన్న ఒంటరితనం అక్కడ మొదటిసారి కాగితం మీదికొచ్చింది. కొత్త సెక్షన్‌లో స్నేహాల గురించి పని మొదలైంది అక్కడి నుంచే.

కాలేజీతో మాట్లాడడం అంత సులువు కాలేదు. లాంగ్ లీవ్ పెట్టించండి, లేదంటే టీసీ తీసుకోండి అన్నది మొదటి జవాబు. అమ్మాయి, తల్లిదండ్రుల అనుమతితో ఉత్తరం రాశాను. విశాఖలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలని అందులో ప్రస్తావించాను. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం వీలైనంతవరకూ మానాలని, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. సెక్షన్లు ఎత్తేస్తారని నేనేం అనుకోలేదు, ఎత్తేయలేదు కూడా. కొన్ని వారాలు సగం పూటకి ఒప్పుకున్నారు. తన ర్యాంకు పైకి చదవకుండా చీటీ మీద ఇస్తామన్నారు. బోర్డు అడిగే 75 శాతం హాజరు గురించి ఇంట్లో ఉన్న భయానికి, ఈ సగం పూట కూడా లెక్కలోకొస్తుందని వాళ్లు చెప్పిన మాటే పెద్ద ఉపశమనం.

ఇంట్లో మార్పులు ఇంకోరకం. పొద్దున నొప్పి అంటే "నాటకం" అనకూడదు, అలాగని గంటసేపు చుట్టూ కూర్చోకూడదు. "నొప్పిగా ఉందని తెలుసు, ఇవాళ్టి మెట్టు ఏంటి?" అంతే. ఇంట్లో ఉండిపోతే కాలేజీ వదిలే టైము వరకూ ఫోన్, టీవీ లేవు. పెసరట్లు కూడా లేవు. నానమ్మ దీనికి ససేమిరా అంది. దిష్టి తీయడం మానమని మాత్రం నేను అనలేదు. ఉప్పూ మిరపకాయలూ ఎవరికీ హాని చేయవు, ఆ పిల్లకి రాత్రి లేపదగ్గ మనిషి ఆవిడే. టైము మార్చమన్నాను. పొద్దున ఇంట్లో పడుకున్న పిల్లకి కాకుండా, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన పిల్లకి గుమ్మంలో తీయమన్నాను. "బయట తిరిగొస్తేనే కదమ్మా దిష్టి తగిలేది" అని ఆవిడే ఒప్పుకుంది. పెసరట్లు కూడా సాయంత్రానికి మారాయి. నేను చేసిన పనుల్లో దేనికి ఎంత బలముందో వేరుచేసి చెప్పలేను గానీ, దీనికి కొంత ఉందని నా నమ్మకం.

నాన్నతో

చిట్టీ మాట ఎప్పుడు చెప్పాలి, చెప్పాలా వద్దా అన్నది మేఘన ఇష్టానికి వదిలేశాను. డిసెంబరులో చెబుతానంది. నా గదిలో రెండుసార్లు ఎలా చెప్పాలో సాధన చేసింది. చెప్పేటప్పుడు మాత్రం రాసుకున్నదేదీ పనికిరాలేదు. నోట్‌బుక్ వెనక పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టేసింది.

ఆయన ముందు కోప్పడ్డారు. "ఇదంత నీకెవరు చెప్పిండ్రు?" తర్వాత పేజీ పైనుంచి కిందికి చదివారు. ఎండోస్కోపీ దగ్గర ఆగారు.

"ఇదెందుకు రాసినవ్ బిడ్డా?"

"నా వల్లే కదా డాడీ అయింది."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. కొంతసేపటికి, చిట్టీ ఎలా పాడారో, ఎన్ని నెలల్లో తీరుతుందో, దానికి జీతంలో ఎంత పోతుందో కూతురికి లెక్క చెప్పడం మొదలుపెట్టారు. నేను అడ్డుపడాలా అనుకుని ఆగాను. ఊరుకుని మంచిపనే చేశాను. మేఘన ఊహించుకున్న అప్పు, ఉన్నదానికి రెండింతలు. పెద్దవాళ్లు గుట్టుగా దాచిన డబ్బు సంగతి పిల్లల ఊహల్లో ఎంతగా పెరుగుతుందో ఆ రోజు చూశాను. చివర్లో ఆయన "అప్పు నాది, నువ్వు లెక్క రాయకు" అన్నారు. మళ్లీ మూడు వారాలకి, ఒక టెస్టు తర్వాత, "అంత ఫీజు కట్టినా" అని నోరు జారారు కూడా. ఈసారి మేఘన లోపలికి పోయి పడుకోలేదు. "డాడీ, లెక్క రాయద్దన్నారు" అంది. అమ్మ ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ తిరగబెట్టింది. నాలుగు రోజులు వెళ్లలేదు, వాంతులు కూడా. సెలవుల తర్వాత ఇలా అవుతుందని ముందే మాట్లాడుకుని ఉన్నాం కాబట్టి ఇంట్లో హడావుడి లేదు. కింది మెట్టు నుంచి మళ్లీ ఎక్కింది. ఈసారి వారం పట్టలేదు. కొత్త సెక్షన్‌లో ఇద్దరు స్నేహితురాళ్లు అప్పటికే ఏర్పడ్డారు, వాళ్లలో ఒకమ్మాయి పొద్దున్నే "బస్సెక్కావా" అని మెసేజ్ పెట్టేది. నా పద్ధతులన్నిటికన్నా ఆ మెసేజ్ ఎక్కువ పనిచేసి ఉండొచ్చు.

ఫిబ్రవరి, మార్చిలో బోర్డు పరీక్షలు అన్నీ రాసింది. స్కేర్డ్ 21కి దిగింది, డిప్రెషన్ పత్రంలో 5. లేవకపోతే బాగుండనే ఆలోచన జనవరి తర్వాత రాలేదంది. మందు అవసరం పడలేదు. పెద్ద పరీక్షల ముందు రోజు కడుపులో మెలి ఇప్పటికీ వస్తుంది, నొప్పితోనే వెళ్లి రాస్తుంది. పై సెక్షన్‌కి తిరిగి వెళ్లలేదు. రెండో ఏడాది ఐఐటీ బ్యాచ్ వదిలి ఎప్‌సెట్ బ్యాచ్‌లో చేరతానని తనే చెప్పింది. నాన్నకి అది పూర్తిగా మింగుడుపడలేదు, ఆ విషయం మా ముందు దాచలేదు కూడా.

జూన్‌లో కాలేజీ తెరిచే ముందు వారం, తెరిచాక రెండో వారం మళ్లీ కలవాలని అనుకున్నాం. మెట్ల కాగితం, నొప్పి డైరీ తన దగ్గరే ఉన్నాయి. ఆఖరి రోజు నాన్న లేస్తూ, చిన్నోణ్ణి వచ్చే ఏడాది ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామా మేడమ్ అని అడిగారు. వాణ్ణి అడిగారా అన్నాను. అడగలేదట. తర్వాతి విజిట్‌కి వాణ్ణి కూడా తీసుకురమ్మన్నాను.